బలం, ఘర్షణ, గమన నియమాలు: హైదరాబాద్ పిల్లలూ తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఎనిమిదో తరగతిలో బలం, ఘర్షణ. తొమ్మిదిలో గమన నియమాలు. ఇంటర్ మొదటి సంవత్సరంలో మళ్లీ అవే, ఈసారి పెద్ద లెక్కలతో. ఇన్నిసార్లు చదివినా చాలామంది పిల్లలకు ఈ పాఠం నోటికి వస్తుంది గానీ బుర్రకెక్కదు. దానికి ముఖ్య కారణం ఒక్కటేనని నా నమ్మకం. బలం అనే మాట వినగానే "ఎవరి మీద? ఎవరి వల్ల?" అని అడిగే అలవాటు మనం వాళ్లకు చేయడం లేదు. ఈ రెండింటికీ జవాబు దొరక్కపోతే అది అసలు బలమే కాదు. కింది జవాబులన్నీ ఈ రెండు ప్రశ్నలను పట్టుకునే నడుస్తాయి.

వస్తువు కదులుతూ ఉండాలంటే దాన్ని ఏదో ఒకటి తోస్తూనే ఉండాలి కదా?

అక్కర్లేదు. అలా అనిపించడంలో పిల్లల తప్పేమీ లేదు. అరిస్టాటిల్ కూడా అలాగే అనుకున్నాడు, ఆ అభిప్రాయం దాదాపు రెండు వేల ఏళ్లు నిలిచింది. తోపుడు బండిని తోయడం ఆపితే బండి ఆగుతుంది. కంటికి కనబడేది అదే. బండిని ఆపిన బలం మాత్రం కంటికి కనబడదు.

క్యారమ్ బోర్డు దగ్గర కూర్చుంటే ఈ సంగతి బాగా తెలుస్తుంది. వానాకాలంలో చెమ్మగిల్లిన బోర్డు మీద స్ట్రైకర్ కొడితే సగం దూరం పోయి ఆగిపోతుంది. బోరిక్ పౌడర్ చల్లి, అరచేత్తో బోర్డంతా రాసి, అదే ఊపుతో మళ్లీ కొట్టండి. అవతలి అంచుకు తగిలి తిరిగి మీ వైపే వస్తుంది. రెండుసార్లూ మీ వేలు దాన్ని తాకింది కనురెప్పపాటు కూడా కాదు. వేలు వదిలాక దాన్ని ముందుకు తోసేవాళ్లు ఎవరూ లేరు. మారిందల్లా దాన్ని ఆపే ఘర్షణే. ఘర్షణ పూర్తిగా లేకపోతే? స్ట్రైకర్ ఆగాల్సిన కారణమే ఉండదు. గెలీలియో వాలు బల్లల మీద గుండ్లు దొర్లించి ఈ ఆలోచనకు వచ్చాడు. న్యూటన్ 1687లో అచ్చయిన తన ప్రిన్సిపియా గ్రంథంలో దీన్నే మొదటి నియమంగా పెట్టాడు. ఫలిత బలం (అన్ని బలాలనూ దిశతో సహా కలిపితే మిగిలేది) సున్నా అయినంత కాలం ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, కదిలేది అదే వడితో తిన్నగా సాగిపోతూనే ఉంటుంది.

సిటీ బస్సు సడన్ బ్రేక్ వేస్తే మనల్ని ముందుకు తోసేది ఏది?

ఏదీ తోయదు. ఈ ప్రశ్న దగ్గర కాస్త నిదానంగా ఆగాలి, ఎందుకంటే మొదటి నియమం అర్థమైందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

అమీర్‌పేట స్టాప్ వస్తోంది. బస్సు గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్ల వడితో పోతోంది. మీరు రాడ్ పట్టుకోకుండా నిలబడ్డారు. మీ ఒళ్లు కూడా బస్సుతో పాటు సెకనుకు 10 మీటర్ల వడితోనే పోతోంది. డ్రైవర్ బ్రేక్ తొక్కాడు. రోడ్డు టైర్లను వెనక్కి పట్టింది, బస్సు నెమ్మదించింది. బస్సు ఫ్లోర్ మీ చెప్పులను వెనక్కి పట్టింది, పాదాలు నెమ్మదించాయి. మరి నడుము, భుజాలు, తల? వాటిని నేరుగా పట్టుకున్నది ఏదీ లేదు కాబట్టి అవి పాత వడితోనే పోతాయి. ఫుట్‌పాత్ మీద నుంచి చూస్తే మీ తల ముందుకు దూకలేదు, కింద బస్సే నెమ్మదించింది. రాడ్ పట్టుకుని ఉంటే అది మీ చేతిని వెనక్కి లాగేది. ఈ కథలో మీ మీద పనిచేసే బలాలు ముందుకు ఒక్కటీ లేవు, ఉన్నవన్నీ వెనక్కే.

"జడత్వ బలం ముందుకు తోసింది" అని జవాబు పత్రంలో రాయకండి. జడత్వం అంటే ఉన్న స్థితిలోనే ఉండిపోయే వస్తువు స్వభావం, బలం కాదు. బస్సు ఎడమకు తిరిగినప్పుడు కుడి పక్కకు ఒరగడమూ ఇదే. ఒళ్లు తిన్నగా పోబోతుంటే బస్సు ఎడమకు తప్పుకుంటుంది.

ఒకే వడితో పోయే మెట్రో రైలు మీద ఫలిత బలం సున్నా అంటారు. మరి కరెంటు ఎందుకు?

బలాలు లేవని కాదు, ఒకదాన్ని ఒకటి సరిపెట్టుకున్నాయని. గాలి రైలును వెనక్కి నెడుతుంది, చక్రాల దగ్గర దొర్లుడు ఘర్షణ కొంత వెనక్కి పడుతుంది. మోటారు తిప్పిన చక్రం పట్టాను వెనక్కి నెడితే పట్టా రైలును ముందుకు నెడుతుంది. ఈ రెండు లెక్కలూ సమానమైనప్పుడు వడి మారదు. మన మెట్రోలో స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒకే వడితో పోయేది కాసేపే. స్టేషన్ వదిలాక పుంజుకోవడం, వచ్చే స్టేషన్‌కు తగ్గించుకోవడం, ఇదే ఎక్కువ. బ్రేక్ వేసేటప్పుడు మోటార్లు జనరేటర్లలా పనిచేసి కొంత కరెంటును తిరిగి ఇస్తాయి కూడా.

రెండో నియమాన్ని లెక్కలో ఎలా వాడాలి?

ఫలిత బలం = ద్రవ్యరాశి × త్వరణం. త్వరణం అంటే వేగం సెకనుకు ఎంత మారుతుందో ఆ లెక్క. "ఫలిత" అన్న మాటను వదిలేస్తే లెక్క తప్పుతుంది.

స్కూటీ, దాని మీద ఒకరు, కలిపి 170 కిలోలు అనుకుందాం. సిగ్నల్ పడ్డాక 5 సెకన్లలో గంటకు 36 కిలోమీటర్ల వడి అందుకోవాలి. ముందు యూనిట్లు మార్చండి: 36ను 5తో గుణించి 18తో భాగిస్తే సెకనుకు 10 మీటర్లు. త్వరణం 10 ÷ 5 = 2 మీ/సె². కావాల్సిన ఫలిత బలం 170 × 2 = 340 న్యూటన్లు. వెనక 60 కిలోల మనిషి ఎక్కితే మొత్తం 230 కిలోలు. ఫలిత బలం అదే 340 న్యూటన్లయితే త్వరణం సుమారు 1.48కి పడిపోతుంది, అదే వడి రావడానికి దాదాపు 6.8 సెకన్లు పడుతుంది. వెనక మనిషి ఉంటే బండి లాగడం లేదని మనం అనేది దీన్నే.

లెక్క తప్పిన పిల్లల పేపర్లు చూడండి. చాలావాటిలో సూత్రం సరిగ్గానే ఉంటుంది, కిలోమీటర్లను మీటర్లలోకి మార్చడమే మరిచిపోయి ఉంటారు.

ద్రవ్యరాశి, భారం ఒకటే కదా? మార్కెట్‌లో కిలోల్లోనే తూస్తారు!

కాదు. ద్రవ్యరాశి వస్తువుకు సంబంధించినది, ఎక్కడికి తీసుకుపోయినా మారదు. భారం అంటే భూమి ఆ వస్తువును లాగే బలం, దాన్ని న్యూటన్లలో చెప్పాలి. హైదరాబాద్‌లో గురుత్వ త్వరణం సుమారు 9.78 మీ/సె². కాబట్టి ఇక్కడ కిలో టమాటాల భారం 9.78 న్యూటన్లు. లెక్కల్లో 9.8 వేసుకుంటే చాలు. చంద్రుడి మీద ఆ భారం సుమారు ఆరో వంతే. అక్కడికి మొండా మార్కెట్ తక్కెడ, తూకపు రాళ్లు పట్టుకెళ్తే మాత్రం అది కిలో అనే చూపిస్తుంది, ఎందుకంటే అటు రాళ్ల భారమూ అంతే తగ్గుతుంది. స్ప్రింగ్ త్రాసు అయితే తగ్గిన భారాన్ని పట్టిస్తుంది.

చర్య, ప్రతిచర్య సమానం, వ్యతిరేకం అయితే రెండూ కొట్టుకుపోవాలి కదా? అసలు ఏదైనా ఎలా కదులుతుంది?

ఈ పాఠం మొత్తంలో మంచి ప్రశ్న ఇదే. ఇది అడిగిన పిల్లవాడు ఆలోచిస్తున్నాడని అర్థం.

రెండు బలాలు కొట్టుకుపోవాలంటే రెండూ ఒకే వస్తువు మీద పనిచేయాలి. మూడో నియమం చెప్పే ఈ జంటలో చర్య ఒకరి మీద, ప్రతిచర్య ఇంకొకరి మీద. మీ ఖాతాలో పడ్డ డబ్బుతో పక్కింటాయన అప్పు తీరదు.

ఆగిపోయిన ఆటోను తోస్తున్నారనుకోండి. ఆటో 350 కిలోలు. మీరు దాన్ని 200 న్యూటన్ల బలంతో ముందుకు తోశారు. ఆటో కూడా మిమ్మల్ని సరిగ్గా 200 న్యూటన్లతో వెనక్కి తోసింది. ఇప్పుడు ఆటో సంగతి విడిగా చూడండి. ముందుకు మీ 200, వెనక్కి చక్రాల దగ్గర నిరోధం, అది 60 అనుకుందాం. ఫలితం 140 న్యూటన్లు, త్వరణం 0.4 మీ/సె². ఆటో కదిలింది. మీ సంగతి విడిగా చూడండి. వెనక్కి ఆటో వేసే 200, ముందుకు మీ కాళ్ల కింద రోడ్డు వేసే ఘర్షణ. రోడ్డు సరిపడా ఘర్షణ ఇస్తే మీరూ ముందుకు నడుస్తారు. అదే చోట ఆయిల్ ఒలికి ఉంటే ఆటో కదలకముందే మీ కాళ్లు వెనక్కి జారతాయి.

బల్ల మీద పుస్తకం ఉంటే దాని భారం, బల్ల ఇచ్చే అభిలంబ బలం (తలానికి లంబంగా నెట్టే బలం) చర్య-ప్రతిచర్యలేనా?

కావు. ఇది చాలా గైడ్లలో కూడా తప్పుగా కనిపిస్తుంది. రెండూ సమానమే, వ్యతిరేకమే. కానీ రెండూ పుస్తకం మీదే ఉన్నాయి, కాబట్టి జంట కావు.

పుస్తకం బదులు హుస్సేన్ సాగర్ మధ్యలో ఉన్న బుద్ధుడి విగ్రహాన్ని తీసుకుందాం. ఏకశిలా గ్రానైట్. 1990లో తరలిస్తుండగా పడవతో పాటు నీళ్లలో మునిగింది, 1992లో పైకి తీసి నిలబెట్టారు. బరువు సుమారు 350 టన్నులు అంటారు, అంటే దాదాపు 34 లక్షల న్యూటన్ల భారం. విగ్రహం మీద రెండు బలాలు: కిందికి భూమి లాగుడు, పైకి పీఠం ఇచ్చే అభిలంబ బలం. రెండూ సమానం, అందుకే విగ్రహం కదలదు. అది మొదటి నియమం చెప్పే మాట. మూడో నియమం జంటలు వేరు. భూమి విగ్రహాన్ని లాగుతుంది, విగ్రహం భూమిని అంతే బలంతో పైకి లాగుతుంది. పీఠం విగ్రహాన్ని పైకి నెడుతుంది, విగ్రహం పీఠాన్ని కిందికి నెడుతుంది. జంటను గుర్తుపట్టడానికి ఒక చిట్కా ఉంది: "అ అనేది ఆ మీద" అన్న వాక్యాన్ని తిరగేసి "ఆ అనేది అ మీద" అని రాయగలగాలి, బలం రకం మారకూడదు. ఒకటి గురుత్వం అయితే రెండోదీ గురుత్వమే అవ్వాలి.

లారీ, బైక్ గుద్దుకుంటే బైక్ మీదే ఎక్కువ బలం పడుతుందా?

రెండింటి మీదా సమానమే. బైక్ ద్రవ్యరాశి తక్కువ కాబట్టి దాని వడి ఒక్కసారిగా ఎంతో మారిపోతుంది, లారీ వడి పెద్దగా మారదు. నష్టం తేడా అక్కడి నుంచి వస్తుంది.

గాలి లేని చోట రాకెట్ దేన్ని నెట్టి పైకి పోతుంది?

తన ఇంధనం మండగా వచ్చిన వాయువును. రాకెట్ ఆ వాయువును వెనక్కి నెడితే వాయువు రాకెట్‌ను ముందుకు నెడుతుంది. బయటి గాలితో పని లేదు, నిజానికి గాలి అడ్డమే. 2022 నవంబర్ 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరినప్పుడు చాలామంది పిల్లలకు ఈ డౌట్ వచ్చింది. పెద్దవాళ్లకూ వచ్చిన డౌటే ఇది. 1920లో న్యూయార్క్ టైమ్స్ తన సంపాదకీయంలో శూన్యంలో రాకెట్ పనిచేయదన్నట్టు రాసి అమెరికా రాకెట్ శాస్త్రవేత్త గొడ్డార్డ్‌ను తప్పుపట్టింది. 1969 జులైలో అపోలో 11 చంద్రుడి వైపు పోతుండగా ఆ తప్పును సవరించుకుంది.

ఘర్షణ ఎప్పుడూ కదలికకు అడ్డమే కదా?

ఇలా బట్టీపడితే నడక అర్థం కాదు. ఘర్షణ అడ్డుకునేది రెండు తలాలు ఒకదానిమీద ఒకటి జారడాన్ని. నడిచేటప్పుడు మీ పాదం నేలను వెనక్కి నెడుతుంది, అంటే పాదం వెనక్కి జారబోతుంది. దాన్ని అడ్డుకోవడానికి నేల ఇచ్చే ఘర్షణ ముందుకు ఉంటుంది. మిమ్మల్ని ముందుకు నడిపేది అదే. పాచి పట్టిన మెట్ల మీద, తడిసిన మార్బుల్ మీద అడుగు ముందుకు పడకపోవడానికి కారణం ఆ బలం తగ్గిపోవడమే. బైక్ వేగం పుంజుకునేటప్పుడు వెనక టైరు మీద ఘర్షణ ముందుకు, ఊరికే దొర్లే ముందు టైరు మీద కొద్దిగా వెనక్కి ఉంటుంది. పరీక్షల్లో అడగడానికి ఇష్టపడే ప్రశ్న ఇది.

బీరువాను తోస్తే మొదట కదలదు, కదిలాక తేలికవుతుంది. ఎందుకు?

ఇల్లు మారిన ప్రతి కుటుంబానికీ ఇది అనుభవమే. బీరువా 60 కిలోలు, గచ్చుతో స్థైతిక ఘర్షణ (జారకముందు ఉండే ఘర్షణ) గుణకం 0.5, జారుడు ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం. గుణకం అంటే ఘర్షణ అభిలంబ బలంలో ఎన్నో వంతో చెప్పే అంకె. బీరువా భారం 588 న్యూటన్లు. స్థైతిక ఘర్షణ గరిష్ఠంగా 294 వరకు పోగలదు. మీరు 100 న్యూటన్లతో తోశారు, ఘర్షణ ఎంత? 294 కాదు, 100. మీరు 250కి పెంచారు, ఘర్షణ కూడా 250. మీరు ఎంత తోస్తే అది అంతే బదులిస్తుంది, తన హద్దు వరకు. 294 దాటగానే బీరువా జారుతుంది, అక్కడి నుంచి ఘర్షణ 235 దగ్గర ఉంటుంది. అందుకే కదిలాక మధ్యలో ఆపకూడదు. ఆపితే మళ్లీ 294 దాటాలి. లోపలి బట్టలు, బియ్యం తీసేస్తే అభిలంబ బలం తగ్గుతుంది, దాంతో ఘర్షణ హద్దూ తగ్గుతుంది.

స్థైతిక ఘర్షణ అంటే ఎప్పుడూ గుణకం × అభిలంబ బలం అని వేసేయడం ఇంటర్ పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు. అది గరిష్ఠ విలువ మాత్రమే.

తాకే వైశాల్యం పెరిగితే ఘర్షణ పెరగదా?

గట్టి వస్తువుల విషయంలో దాదాపు పెరగదు. ఇటుకను పడుకోబెట్టి లాగండి, నిలబెట్టి లాగండి, స్ప్రింగ్ త్రాసు దాదాపు ఒకే అంకె చూపిస్తుంది. 1699లో ఫ్రెంచి శాస్త్రవేత్త అమాంటన్స్ ఈ సంగతి ప్రకటించాడు. కంటికి నున్నగా కనిపించే తలాలు కూడా సూక్ష్మంగా చూస్తే గతుకులే, నిజంగా తాకేది ఆ గతుకుల కొనలే. ఇటుకను నిలబెడితే వైశాల్యం తగ్గినా ఒత్తిడి పెరిగి కొనలు ఇంకా అణుగుతాయి, నిజంగా తాకే మొత్తం మారదు. రబ్బరు మెత్తన కాబట్టి టైర్లు ఈ నియమాన్ని పూర్తిగా పాటించవు.

మన ఊరి కొండల మీద రాయి మీద రాయి ఉంటుంది. అవి ఎందుకు జారిపోవు?

హైదరాబాద్ పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఇది, అడిగితే నాకు చాలా సంతోషం. ఈ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఒకదాని మీద ఒకటి ఎవరూ పేర్చలేదు. ఒకే బండ పగుళ్లు పట్టి, పగుళ్ల వెంట వాన నీళ్లు దిగి, మూలలు అరిగి, మెత్తబడిన మట్టి కొట్టుకుపోయి గుండ్రటి రాళ్లు ఉన్నచోటనే మిగిలాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న పుట్టగొడుగు రాయిని చూస్తే ఇది నమ్మబుద్ధి కాదు.

రాయి వాలు మీద ఉంటే దాని భారంలో ఒక భాగం వాలు వెంట కిందికి లాగుతుంది, ఇంకో భాగం వాలును నొక్కుతుంది. ఘర్షణ లాగుడుకు సరిపోయినంత కాలం రాయి ఉంటుంది. లెక్క వేస్తే వాలు కోణం టాన్ విలువ (వాలు ఎత్తును అడుగు పొడవుతో భాగిస్తే వచ్చేది) ఘర్షణ గుణకాన్ని దాటినప్పుడే జారుతుంది. గుణకం 0.6 అయితే అది సుమారు 31 డిగ్రీలు. లెక్కలో ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టుకుపోతుంది, కాబట్టి గులకరాయికైనా ఏనుగంత బండకైనా కోణం ఒకటే. జారకపోయినా పడిపోవచ్చు. అలా పడకుండా ఉండాలంటే గురుత్వ కేంద్రం నుంచి గీసిన నిలువు గీత రాయి ఆనిన చోటులోనే పడాలి.

ఇంట్లో చేసి చూడండి. అట్ట మీద రూపాయి బిళ్ల పెట్టి ఒక చివర మెల్లగా లేపండి. బిళ్ల జారిన క్షణంలో ఆపి, లేచిన ఎత్తును కింద నేల మీది పొడవుతో భాగించండి. వచ్చేదే స్థైతిక ఘర్షణ గుణకం. రెండు బిళ్లలు అంటించి మళ్లీ చేసినా దాదాపు అదే వస్తుంది.

వాన పడితే బ్రేక్ వేసినా బండి ఎందుకు జారుతుంది? ఏబీఎస్ ఏం చేస్తుంది?

తొలకరి చినుకులకు రోడ్డు మీది ఆయిల్, దుమ్ము కలిసి జిడ్డు పొరలా మారతాయి, ఘర్షణ గుణకం పడిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వడి మీద గుణకం 0.7 ఉంటే బ్రేక్ పడ్డాక ఆగడానికి సుమారు 20 మీటర్లు, 0.35 ఉంటే 40 మీటర్లు. మనిషి స్పందించే లోపు పోయే దూరం దీనికి అదనం. వడి రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలు. అరిగిన టైరుకు నీళ్లు బయటికి పోయే గాడులు ఉండవు, టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర నిలుస్తుంది.

చక్రం దొర్లుతున్నంత సేపూ రోడ్డును తాకే టైరు భాగం ఆ క్షణానికి జారదు, అది స్థైతిక ఘర్షణ. చక్రం లాక్ అయితే టైరు ఈడ్చుకుపోతుంది, ఘర్షణ తగ్గుతుంది, హ్యాండిల్ మాట వినదు. లాక్ కాబోతుంటే బ్రేక్‌ను క్షణంపాటు వదిలి మళ్లీ పట్టడమే ఏబీఎస్ పని.

పక్క సందుకు పోవడానికి కూడా హెల్మెట్ కావాలా?

కావాలి, దీనికి భౌతికశాస్త్రం సూటిగా జవాబు చెబుతుంది. బండి మీద కూర్చున్న మనిషి తల రోడ్డుకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. బండి నిదానంగా పోతున్నా సరే, పక్కకు పడితే ఆ ఎత్తు నుంచి పడే తల సెకనుకు 5.4 మీటర్ల దాకా వడితో నేలను తాకగలదు. తల 5 కిలోలు అనుకుంటే ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) 27 కిలోగ్రామ్·మీ/సె. తల 2 మిల్లీసెకన్లలో ఆగితే, ద్రవ్యవేగాన్ని ఆ కాలంతో భాగించగా సగటు బలం 13,500 న్యూటన్లు. హెల్మెట్ లోపలి థర్మాకోల్ నలుగుతూ ఆ సమయాన్ని 10 మిల్లీసెకన్లు చేస్తే 2,700. ద్రవ్యవేగంలో మార్పు అదే, దానికి పట్టే కాలం పెరిగింది. ఈ లెక్కలో బండి ముందుకు పోయే వడి ఎక్కడా రాలేదని గమనించండి.

లెక్కల్లో బొమ్మ గీయడం తప్పనిసరా?

నన్నడిగితే తప్పనిసరే. ఒక్క వస్తువును ఎంచుకుని చుట్టూ గీత గీయండి. దాని మీద పనిచేసే బలాలకే బాణాలు వేయండి, ఆ వస్తువు ఇతరుల మీద వేసేవాటికి వద్దు. ప్రతి బాణం పక్కనా ఎవరి వల్ల అని రాయండి: భూమి, తాడు, నేల, గాలి. పేరు రాయలేకపోతే ఆ బాణాన్ని కొట్టేయండి. బస్సులో "ముందుకు తోసే బలం" ఇలాగే పోతుంది. ఆ తర్వాతే సూత్రం.

లిఫ్ట్‌లో బరువు మారినట్టు అనిపిస్తుంది. నిజంగా మారుతుందా?

భూమి లాగుడు మారదు, మీ కాళ్ల కింద ఫ్లోర్ ఇచ్చే అభిలంబ బలం మారుతుంది. మనకు బరువుగా తెలిసేది అదే. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో వెయింగ్ మెషిన్ పెట్టి దాని మీద నిలబడండి. మీరు 50 కిలోలు, లిఫ్ట్ పైకి బయలుదేరేటప్పుడు త్వరణం 0.6 మీ/సె² అనుకుంటే అభిలంబ బలం 50 × (9.8 + 0.6) = 520 న్యూటన్లు, మెషిన్ సుమారు 53 చూపిస్తుంది. మధ్య అంతస్తుల్లో ఒకే వడితో పోతున్నప్పుడు మళ్లీ 50. పైన ఆగబోతూ నెమ్మదించేటప్పుడు 47 దగ్గరికి దిగుతుంది. అంకె మారేది ఒకటి రెండు సెకన్లే కాబట్టి ఫోన్‌లో వీడియో తీసి నిదానంగా చూసుకోండి.